పొలం గట్టు దగ్గరే ఆగిపోతున్న నీటి శాస్త్రం

అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన మృత్తికా పరిరక్షణ సంస్థ 1975లో చిన్న పరీవాహక ప్రాంతాల పట్టణ జలశాస్త్రంపై ఒక సాంకేతిక పుస్తకాన్ని వెలువరించినది. పట్టణాల వరద లెక్కలను వ్యవసాయ శాఖ రాయడం ఆనాడు ఎవరికీ వింతగా తోచలేదు. అందులోని కర్వ్ నంబర్ పద్ధతి సాగుభూముల్లో పుట్టినదే. పొలంపై పడిన వానలో ఎంత ఇంకుతుంది, ఎంత పారిపోతుంది అన్న ప్రశ్నకు జవాబుగా 1950వ దశకంలో విక్టర్ మోకస్ తదితరులు దానిని రూపొందించారు. నేల రకం, పైరు, దున్నిన తీరు, గట్ల ఉనికి అందులోని ప్రధానాంశాలు. ఇప్పుడు ప్రపంచంలోని అనేక నగరాల మురుగునీటి, వరదనీటి ప్రణాళికల్లో ఆ పద్ధతి కనబడుతుంది.

తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ ఈ పద్ధతిని బోధిస్తున్నారు. వ్యవసాయ ఇంజినీరింగ్ విద్యార్థి, సేద్య విజ్ఞాన విభాగంలో నీటి యాజమాన్యాన్ని ఎంచుకున్న స్నాతకోత్తర విద్యార్థి దీనిని తప్పక నేర్చుకుంటారు. అయితే పరీక్షలో వచ్చే లెక్క ఎప్పుడూ కంది చేనుదో, మెట్ట వరిదో, ఒక నీటి పరీవాహక పథకానిదో అయి ఉంటుంది. ఇరవై ఏళ్ల క్రితం కంది పండి నేడు కాలనీగా మారిన అదే భూమి లెక్క మాత్రం ప్రశ్నపత్రంలోకి రాదు, పరిశోధన అంశంగా అంతకన్నా రాదు. నీటి యాజమాన్య శాస్త్రవేత్త వృత్తి జీవితానికి ఎక్కడ గోడ కట్టి ఉన్నదో ఈ చిన్న విషయంలోనే తెలుస్తుంది.

ఆ లెక్కను ఒకసారి చేసి చూడడం మేలు. ఒక మోస్తరుగా ఇంకే ఎర్రనేలలో, వరుసల్లో పంట ఉన్న పొలానికి కర్వ్ నంబర్ 75 అనుకుందాం. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే అందులో సుమారు 41 మిల్లీమీటర్లు పారిపోతుంది, మిగిలినది నేల పట్టుకుంటుంది. అదే భూమిని కాంక్రీటుతో, తారుతో పూర్తిగా కప్పితే నంబరు 98 అవుతుంది, పారే నీరు 94 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఒక చదరపు కిలోమీటరుకు ఇది 41 వేల ఘనపు మీటర్లకు, 94 వేల ఘనపు మీటర్లకు మధ్య తేడా. కింద ఉన్న నాలా పాతదే, దాని వెడల్పు కూడా పాతదే, చాలాచోట్ల ఇంకా తగ్గినదే. ఆపైన గచ్చు మీద నీరు పొలంలో కంటే ఎన్నో రెట్లు వేగంగా పరుగెడుతుంది కనుక ఆ అధిక జలమంతా తక్కువ వ్యవధిలోనే వచ్చి పడుతుంది.

ఈ లెక్కలో సాధారణంగా ఎవరూ చెప్పని రెండవ భాగమొకటి ఉన్నది. వాన 200 మిల్లీమీటర్లకు చేరితే పొలం నుంచి 125, గచ్చు నుంచి 194 మిల్లీమీటర్లు పారుతుంది. అంటే 100 మిల్లీమీటర్ల వానలో రెండింతలు దాటిన తేడా 200 వద్ద ఒకటిన్నర రెట్లకు తగ్గుతుంది. వాన పెరిగేకొద్దీ నేల రక్షణ తరుగుతుంది. ఇంకుడు గుంతలతో, చెట్ల పెంపకంతో నగర వరద సమస్య తీరిపోతుందని చెప్పేవారు ఈ అంకెలను గుర్తుంచుకోవాలి. మామూలు వానకు నేల చాలు. కుండపోతకు నిల్వ కావాలి, అంటే చెరువు కావాలి. అంతకన్నా ముఖ్యంగా, వాన వచ్చే సమయానికి చెరువులో ఖాళీ కావాలి.

హైదరాబాదుకు ఈ పాఠం కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాదిమందిని బలిగొన్నది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మూసీ పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించి, సుమారు 860 చదరపు మైళ్ల విస్తీర్ణంలో 788 చెరువులు ఉన్నట్లు, ఆ వానకు వాటిలో 221 తెగినట్లు లెక్క తేల్చారు. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఈ కథను చెప్పేవారు రెండు జలాశయాల దగ్గర ఆగిపోతారు. ఇంచుమించు చదరపు మైలుకు ఒక చెరువు ఉన్న గొలుసుకట్టు అది. ఒకటి తెగితే ఆ నీరు కింది దానిని తెంచుకుంటూ పోతుంది, ఒకటి నిలిస్తే కింది దానికి ఊపిరి అందుతుంది. ఈ సంగతి పూర్వం ప్రతి ఊరి నీరటికీ తెలుసు.

2020 అక్టోబరు 13న అదే గొలుసు మరోసారి పరీక్షకు నిలిచింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో 24 గంటల్లో 32 సెంటీమీటర్ల వాన నమోదైనది. పాతబస్తీ ఎగువన పల్లె చెరువుకు గండి పడినది, కొద్ది రోజులకే బాలాపూర్ వద్ద గుర్రం చెరువు తెగినది. బెంగళూరు రహదారి పక్కన గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు తెగి, నీరు రహదారి మీదుగా వాహనాలను ఈడ్చుకుపోయినది. ఈ అప్ప చెరువు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఎంతో దూరంలో లేదు. నీటి సాంకేతిక పరిజ్ఞానానికి ప్రత్యేక కేంద్రమే ఉన్న ప్రాంగణం అది.

అప్పటి నుంచి చర్చ అంతా ఆక్రమణల చుట్టూ తిరుగుతున్నది. అందులో నిజం ఉన్నది. శిఖం భూముల్లో ఇళ్లు కట్టారు, నాలాలను పూడ్చారు. 2024 జులైలో హైడ్రా ఏర్పడిన తరువాత పూర్తిస్థాయి నీటిమట్టం హద్దు ఎక్కడిదన్నది ప్రతి ఇంట్లో మాట్లాడుకునే విషయమైనది. ఇంత చర్చలోనూ చెరువు కింది భాగం గురించి అడిగినవారు తక్కువ. చెరువుకు పైన శిఖం ఎంత ముఖ్యమో కింద ఆయకట్టు అంత ముఖ్యం. ఆయకట్టు ఉన్నంతకాలం చెరువు నిండడం, తరగడం అనే రెండు పనులూ చేసినది. నాట్లకు తూము తెరిచేవారు, యాసంగికి మిగిలిన నీటిని పంచుకునేవారు. ఎండాకాలానికి చెరువు అడుగంటేది, రైతులు పూడిక మట్టిని బండ్లతో పొలాలకు తోలుకుపోయేవారు. తొలకరి వానలకు ఖాళీ కడుపుతో సిద్ధంగా ఉండేది. ఆయకట్టు ప్లాట్లుగా మారిన తరువాత తూము తెరవవలసిన అవసరం ఎవరికీ లేదు. పైనుంచి ఏడాది పొడవునా మురుగునీరు దిగుతున్నది. చెరువు జూన్ నుంచి మే వరకు నిండే ఉంటున్నది. నిండిన చెరువు వరదను ఆపలేదు, దానిని అలుగు మీదుగా కిందికి పంపడం తప్ప మరేమీ చేయలేదు. హద్దులన్నీ పదిలంగా ఉండి, ఒక్క గజం కూడా ఆక్రమణకు గురికాని చెరువు విషయంలోనూ ఇది సత్యమే.

అక్టోబరు వానకు గ్రామాల్లోని చెరువులు కూడా నిండే ఉంటాయి కదా అనవచ్చును. ఉంటాయి. అప్పుడు తేడా చూపేది కట్ట కింది వరి పొలమే. 100 హెక్టార్ల వరి ఆయకట్టులో గట్ల ఎత్తు నిలిచిన నీటికన్నా 10 సెంటీమీటర్లు ఎక్కువగా ఉంటే, ఆ మడులు లక్ష ఘనపు మీటర్ల వాన నీటిని తమలోనే నిలుపుకొనగలవు. 100 మిల్లీమీటర్ల వాన అక్కడ పడినది అక్కడే ఆగుతుంది. అదే 100 హెక్టార్లు కాలనీ అయితే ఆ వానలో 94 వేల ఘనపు మీటర్లు నాలాలోకి పోతుంది. నగరం ఒక ఆయకట్టును మింగినప్పుడు వరి దిగుబడిని మాత్రమే కాక ఒక చిన్న జలాశయాన్ని కూడా పోగొట్టుకుంటున్నది. ఈ నష్టం ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కడం లేదు.

దీనిని లెక్కగట్టగలవారు సేద్య విజ్ఞాన శాస్త్రవేత్తలు, మృత్తికా జల సంరక్షణ ఇంజినీర్లు. మడిలో నీరు ఎంత నిలుస్తుంది, ఎంత ఇంకుతుంది, పైరు ఏ దశలో ఎన్ని రోజుల ముంపును భరిస్తుంది అన్నది వారి నిత్య పరిశోధన. అయినా వారి వృత్తి జీవితం వేరే దారిన నడుస్తుంది. డాక్టరేటు పూర్తి చేసిన యువ శాస్త్రవేత్త సహాయ ఆచార్యునిగా చేరి ఒక పరిశోధన స్థానానికి వెళతాడు లేదా వెళుతుంది. మిరపకు బిందు సేద్యం ద్వారా ఎన్ని రోజులకు ఎంత నీరివ్వాలి, వరిలో ఆరుతడి పద్ధతి వలన ఎంత నీరు ఆదా అవుతుంది వంటి ప్రయోగాలు మొదలవుతాయి. అవి విలువైనవే, వాటి అవసరం తీరిపోలేదు. ఏటా జరిగే జోనల్ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశంలో రైతులు, విస్తరణాధికారులు లేవనెత్తిన సమస్యల నుంచి మరుసటి ఏడాది ప్రయోగాలు రూపొందుతాయి. వ్యవస్థ మంచిదే. కాని ఆయకట్టు పోయిన చెరువుకు రైతు ఉండడు, రైతు లేని చోట ప్రశ్న అడిగేవారుండరు, ప్రశ్న లేని చోటికి ప్రయోగం వెళ్లదు. సరిగ్గా శాస్త్రం అవసరం పెరిగిన తరుణంలోనే ఆ చెరువు వ్యవసాయ పరిశోధన పటం నుంచి తొలగిపోతున్నది.

మిగిలిన పని పదోన్నతుల లెక్క చేస్తుంది. నాస్ స్కోరు ఉన్న పత్రికలో వచ్చిన వ్యాసానికి దక్కే గుర్తింపుతో పోల్చితే, ఒక పురపాలక సంఘం కోసం రెండేళ్లు శ్రమించి తయారుచేసిన చెరువు నిర్వహణ ప్రణాళికకు దక్కేది స్వల్పం. అటువంటి ప్రణాళికలో నలుగురైదుగురు ఇతర శాఖలవారు భాగస్వాములై ఉంటారు. దాని ఫలితం ఒక పెద్ద వాన వచ్చేదాకా తెలియదు, ఆ వాన పదేళ్లకు రావచ్చును. మూడు రుతువుల ప్రయోగంతో వ్యాసం పూర్తయ్యే పంటల పరిశోధనతో అది పోటీపడలేదు. ముప్పై అయిదేళ్ల వయసులో, కుటుంబ బాధ్యతల నడుమ, ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవలసి వచ్చిన శాస్త్రవేత్తను ఎవరూ తప్పుపట్టలేరు. తప్పు ఎంపికను అలా కుదించిన పట్టికలది.

వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుది, నగరం గొడవ దానికెందుకు అన్న అభ్యంతరం బలమైనదే. ఖాళీ పోస్టులతో, తరిగిన నిధులతో నడుస్తున్న విభాగాలపై మరొక భారం మోపడం సబబా అని అడిగేవారి మాటలోనూ న్యాయం ఉన్నది. అయితే నగర వరద నగరం హద్దు దగ్గర ఆగదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడలో జరిగినది ఇందుకు తార్కాణం. బుడమేరు మళ్లింపు కాలువకు కొండపల్లి పరిసరాల్లో మూడు చోట్ల గండ్లు పడి, సింగ్ నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినది. నది ఆ ఎత్తున ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీటిని నదిలోకి సులువుగా దించలేదు. బుడమేరు అసలు దారి కొల్లేరుకు, కొల్లేరు నీటి దారి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. ఈ దారి పొడవునా ఉన్నవి వరి పొలాలు, చేపల చెరువులు. పైన పట్టణంలో ముంపు, కింద పొలాల్లో ముంపు ఒకే నీటి రెండు మజిలీలు.

ఆ దారిలో వ్యవసాయ మురుగునీటి శాస్త్రానికి తెలుగునేలపై మంచి వారసత్వమే ఉన్నది. డెల్టా మురుగు కాలువలపై 1960వ దశకంలో మిత్రా కమిటీ పనిచేసినది. ఆ తరువాత ఇండో–డచ్ సహకారంతో బాపట్ల కేంద్రంగా కొనంకి, ఉప్పుగుండూరులలో భూగర్భ మురుగునీటి పారుదల వ్యవస్థలను రైతుల పొలాల్లోనే వేసి పరీక్షించారు. ఎంత లోతున, ఎంత దూరాన గొట్టాలు వేస్తే ఉప్పు, నీరు ఎలా దిగుతాయో ఏళ్ల తరబడి కొలిచారు. ఒక కాలువ ఎందుకు పనిచేయడం మానుతుంది, పూడిక, గుర్రపుడెక్క, అడ్డుకట్టలు ఏమి చేస్తాయి, కింది రైతు పై రైతుతో ఎందుకు తగవు పడతాడు అన్న అనుభవం అక్కడ పనిచేసినవారికి చేతికి అంటుకుని ఉన్నది. బుడమేరు గురించి మాట్లాడేందుకు వారికన్నా అర్హులు తక్కువ. వారిలో చాలామంది నేడు విశ్రాంత జీవితంలో ఉన్నారు, వారి కొలతల పుస్తకాలు మాత్రం కార్యాలయ బీరువాల్లోనే మిగిలాయి.

పొలానికీ పట్టణానికీ మధ్య ఈ దారిని ఇతర దేశాలవారు తెరిచి చూపారు. జపానులోని నీగాటా రాష్ట్రంలో కమిహయాషి అనే పల్లెలో 2002లో వరి పొలాలనే వరద ఆనకట్టలుగా వాడే పద్ధతి మొదలైనది. మడి నుంచి నీరు బయటికి పోయే చోట చిన్న రంధ్రం ఉన్న పలకను అమర్చుతారు. పెద్ద వానలో మడి నిండి, నీరు మెల్లగా దిగుతుంది, కింది పల్లెకూ పట్టణానికీ ఒక్కసారిగా చేరదు. పలక ఖర్చు చాలా తక్కువ. నీగాటా విశ్వవిద్యాలయ వ్యవసాయ విభాగపు పరిశోధకులు ఆ పలకల ఆకృతి మీద, మడిలో నీటిమట్టం మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. వరదల నుంచి పట్టణాన్ని కాపాడే పరిశోధన వారికి వ్యవసాయ పరిశోధనలో భాగమే. అయితే అక్కడా ఒక చిక్కు తప్పలేదు. పలక పెట్టే రైతు పైన ఉంటాడు, మేలు పొందేవాడు కింద ఉంటాడు. ఆ రైతుకు ఏమివ్వాలి, ఎవరివ్వాలి అన్నది తేలకపోతే పలకలు గట్టు మీదే పడి ఉంటాయి. మూసీ ఎగువన, బుడమేరు ఎగువన ఈ పద్ధతి ఎంతవరకు పనికివస్తుందన్నది చూడవలసి ఉన్నది. మన వానల ఉధృతి వేరు, మడుల గట్లు వేరు, కౌలుదారీ వేరు. పంట దశను బట్టి ఎన్ని రోజులు ఎంత లోతు నీటిని ఉంచవచ్చునో చెప్పగల సమాచారం తెలుగు రాష్ట్రాల వరి పరిశోధన స్థానాల్లో ఇప్పటికే ఉన్నది.

వ్యవసాయ శాస్త్రవేత్త నగరానికి గురువుగా వెళ్లరాదు. అక్కడ అతడు కొంత విద్యార్థి కావలసి ఉంటుంది. పొలం మురుగు రోజుల లెక్కలో నడుస్తుంది, వరికి మూడు రోజుల ముంపు అనే కొలత అతనికి అలవాటు. నగరపు నాలా పదిహేను నిమిషాల లెక్కలో నిండుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి చదివే వర్షమాపకం అక్కడ పనికిరాదు. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ నెలకొల్పిన స్వయంచాలిత వాతావరణ కేంద్రాల వంటి వాటి సమాచారంతో పనిచేయడం నేర్చుకోవాలి. మురుగు, వాన నీరు ఒకే గొట్టంలో కలిసే చోట్ల తన సూత్రాలు తప్పుతాయని గ్రహించాలి. భూమి హక్కులు, నాలాల దస్త్రాలు, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన పట్టణ వరదల మార్గదర్శకాలు చదవాలి. నగర ఇంజినీరు మాటను ఓపికగా వినాలి, అతని బాధ్యతలో మాన్‌హోల్ మూత నుంచి ముఖ్యమంత్రి సమీక్ష దాకా అన్నీ ఉంటాయి.

ఇందుకు కొత్త విశ్వవిద్యాలయం అవసరం లేదు. డాక్టరేటు విద్యార్థికి ఇద్దరు మార్గదర్శకులను, ఒకరిని వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి, మరొకరిని సాంకేతిక విశ్వవిద్యాలయపు సివిల్ విభాగం నుంచి నియమించే వెసులుబాటు కల్పిస్తే చాలావరకు దారి తెరుచుకుంటుంది. అమలైన చెరువు ప్రణాళికకు పదోన్నతి పట్టికలో ఒక మంచి వ్యాసంతో సమానమైన విలువ ఇవ్వడం రెండవ మెట్టు. దానికి డబ్బు ఖర్చు కాదు, ఒక కమిటీ మనసు మారితే చాలు. అది డబ్బుకన్నా కష్టమని అనుభవం ఉన్నవారు అంటారు.

పరిశోధనకు కావలసిన స్థలాలు కళ్ల ముందే ఉన్నాయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ నల్లరేగడి పరీవాహక క్షేత్రాల్లో 1976 నుంచి ప్రయోగాలు జరుగుతున్నాయి. హయత్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ కేంద్ర పరిశోధన సంస్థ క్షేత్రం ఉన్నది. రాజేంద్రనగర్‌లో విశ్వవిద్యాలయ భూములున్నాయి. ఇవన్నీ ఏర్పడినప్పుడు ఊరి బయట ఉన్నవి, ఇప్పుడు నగరం వాటిని చుట్టుముట్టినది. గోడకు లోపల సాగుభూమి, గోడకు అవతల గచ్చు, పైన ఒకే మేఘం. ఇంతకంటే మంచి పోలిక ప్రయోగం ఎవరూ డబ్బు పెట్టి ఏర్పాటు చేయలేరు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను నియంత్రించిన 1996 నాటి 111 జీవో ఆంక్షలను సడలిస్తూ 2022లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినప్పుడు న్యాయవాదులు, స్థిరాస్తి వ్యాపారులు, పర్యావరణవాదులు వాదించుకున్నారు. ఆ 84 గ్రామాల భూమి ఎంత వానను పట్టుకుంటున్నదో కొలిచి చెప్పవలసినవారి మాట ఆ చర్చలో అంతగా వినబడలేదు.

వచ్చే తొలకరికి ముందే చేయదగిన పని ఒకటి ఉన్నది. రాజేంద్రనగర్, శంషాబాద్ పరిసరాల్లో మూడు చెరువులను ఎంచుకోవాలి. ఆయకట్టు ఇంకా సాగులో ఉన్నది ఒకటి, సగం మిగిలినది ఒకటి, పూర్తిగా ఇళ్లయినది ఒకటి. మూడింటికీ నీటిమట్టం కొలిచే పట్టీ, కట్ట మీద ఒక స్వయంచాలిత వర్షమాపకం, తూము ఎప్పుడు తెరిచారో రాసే ఒక పుస్తకం. పర్యవేక్షణకు ఒక డాక్టరేటు విద్యార్థి, నీరటిగా పనిచేసిన పెద్దమనిషి ఎవరైనా దొరికితే అతనికి గౌరవ వేతనం. వాన రాకపై వాతావరణ శాఖ హెచ్చరిక వెలువడిన వెంటనే తూము తెరిచి చెరువును ముందుగా ఎంత దించవచ్చును, దించిన నీరు కింది నాలాకు భారం కాకుండా ఎన్ని గంటల్లో పోతుంది అన్నది మొదటి రెండు వానాకాలాల్లోనే తెలుస్తుంది. మూడవ చెరువుకు తూము ఎక్కడున్నదో వెదకడంతోనే మొదటి నెల గడిచిపోయినా ఆశ్చర్యపడనక్కరలేదు.